గండిపేట నీళ్ళు

హైదరాబాదులో పాతకాపులు ఒక మాట అంటూ ఉంటారు: గండిపేట నీళ్ళు ఒక్కసారి తాగినవాడు మరి ఈ ఊరు వదలిపోడు అని. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడినవారిని ఆట పట్టించడానికి ఈ మాట ఎక్కువగా వాడేవారు. మా ఇంట్లో నాన్నగారి మీద అమ్మ ప్రయోగించిన అస్త్రాలలో ఇది ఒకటి. ఆ మాట వింటూ పెరిగిన నేను, ఆ నీళ్ళు అక్కడ ఎందుకు ఉన్నాయో చాలా ఏళ్ళ వరకూ ఆలోచించలేదు. ఊరు చల్లగా ఉండాలని ఏ నవాబుగారో తవ్వించిన చెరువు కాబోలు అనుకునేవాడిని.

నిజానికి గండిపేట చెరువు దాహం తీర్చడానికి పుట్టినది కాదు. ఒక ప్రళయం తరువాత, అటువంటిది మళ్ళీ రాకూడదన్న భయంతో కట్టినది. ఈ సంగతి మరచిపోవడం వల్లనే ఆ చెరువు గురించి ఇటీవల జరిగిన చర్చలన్నీ దారి తప్పాయని నాకు అనిపిస్తుంది. అందుకే కాస్త వెనక్కి వెళ్ళి, మొదటి నుండి చెప్పుకొద్దామని ఈ ప్రయత్నం.

*

హైదరాబాదు రాతినేల మీద కట్టిన ఊరు. ఇక్కడ భూమిలోకి ఇంకే నీరు తక్కువ, పారిపోయే నీరు ఎక్కువ. ఏడాదిలో నాలుగు నెలలు కురిసి ఎనిమిది నెలలు మొహం చాటేసే వానను నమ్ముకుని బ్రతకాలంటే, పారేదాన్ని ఎక్కడికక్కడ ఆపుకోవడం ఒక్కటే దారి. దక్కను పీఠభూమి మీద ఉన్నవారందరూ కాకతీయుల కాలం నుండీ, అంతకు ముందు నుండీ కూడా, చేసింది ఇదే. ఒక వాలులో చెరువు కట్టేవారు. అది నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేది, అది నిండితే ఇంకా కింది దానికి. గొలుసుకట్టు చెరువులు అంటే ఇవే.

కుతుబ్‌షాహీలు ఈ విద్యనే పెద్ద ఎత్తున వాడుకున్నారు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుసేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్‌సాగరం తయారయింది. చార్మినారు కట్టడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళ ముందు మాట ఇది. అంటే ఊరికంటే ముందు చెరువు వచ్చింది! మూసీ నుండి బల్కాపూర్ కాలువ ద్వారా దానికి నీరు తెచ్చేవారు. ఆ తరువాత ఆసఫ్‌జాహీల కాలంలో, 19వ శతాబ్దపు మొదటి దశకంలో, దివానుగా ఉన్న మీర్ ఆలం పేరిట ఇంకొక చెరువు వెలిసింది. దాని కట్ట తిన్నటి గోడ కాదు. నీటివైపు వంపు తిరిగిన ఇరవైయొక్క కమానుల వరుస. రెండు శతాబ్దాల తరువాత నేటికీ అది నిలిచి ఉంది. చూడనివారు ఒకసారి తప్పక చూడవలసిన కట్టడం.

ఇలా చెరువులతోనూ బావులతోనూ ఊరు నడిచిపోయింది. మూసీ ఊరి నడుమ నుండి పారేది. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుక మేటల మధ్య సన్నటి పాయ. అందుకే జనం దానికి భయపడడం మానేసి, దాని ఒడ్డునా, ఒడ్డు దిగి దాని ఒళ్ళోనూ ఇళ్ళు కట్టుకున్నారు.

*

1908 సెప్టెంబరు చివరి వారంలో బంగాళాఖాతం మీదుగా వచ్చిన వాయుగుండం ఈ ప్రాంతం మీద తిష్ఠ వేసింది. శంషాబాదులో ఇరవైనాలుగు గంటలలో 12.8 అంగుళాల వాన కురిసినట్లు లెక్కలు చెబుతున్నాయి. మన లెక్కలో ఇది ముప్ఫైరెండు సెంటీమీటర్లకు పైమాట.

అయితే వాన ఒక్కటే ఆ ఘోరానికి కారణం కాదు. హైదరాబాదుకు ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 860 చదరపు మైళ్ళకు కాస్త ఎక్కువ. అందులో 788 చెరువులు ఉండేవి, దాదాపు మైలుకొకటి చొప్పున. ఆ రాత్రి వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. పై చెరువు తెగితే ఆ నీరంతా ఒక్కుమ్మడిగా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగుతుంది. అలా ఒకదాని వెనుక ఒకటి. మామూలు రోజుల్లో నీటిని నిదానంగా అందించే గొలుసే, ఆ రోజు వరదను గుణించుకుంటూ పోయింది. ఊరి దగ్గరకు వచ్చేసరికి ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని తరువాత లెక్క కట్టారు. నాగార్జునసాగరంలో గేట్లన్నీ ఎత్తినప్పుడు కృష్ణమ్మను చూసినవారికి ఈ అంకె అర్థమవుతుంది. అటువంటి ప్రవాహం ఇళ్ళ మధ్య నుండి వెళ్ళింది.

సెప్టెంబరు 28న ఊరు మునిగింది. పోయినవారి సంఖ్య ఇంతని ఎవరూ గట్టిగా చెప్పలేరు. పదిహేను వేలు అన్నది ఎక్కువమంది చెప్పే అంకె. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బ తిన్నాయి. కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం తట్టుకుంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదలోనే పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి నూట యాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారట. నేను ఆ చెట్టు కిందికి వెళ్ళి నిలబడి, తలెత్తి చూశాను. మొదటి కొమ్మే మనిషి ఎత్తుకు చాలా పైన ఉంది. నీరు ఎంత ఎత్తున వచ్చి ఉంటుందో దాన్ని చూస్తేనే తెలుస్తుంది. ఏ పుస్తకమూ నాకు అంత బాగా చెప్పలేదు.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ బ్రాహ్మణుల సలహా మేరకు మూసీ ఒడ్డుకు వచ్చి, నదికి చీరె సారె సమర్పించి శాంతించమని వేడుకున్నాడని చెబుతారు. ఆ కథ ఎంతవరకు నిజమో గానీ, ఆయన ప్రభుత్వం చేసిన రెండవ పని మాత్రం చరిత్రకెక్కింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి కబురు పంపారు.

*

విశ్వేశ్వరయ్యగారు అప్పటికి బొంబాయి ప్రభుత్వపు కొలువు వదిలి విదేశాలు తిరుగుతున్నారు. ఆ పర్యటన ముగించుకుని 1909లో హైదరాబాదు వచ్చారు. నదికి ఇరువైపులా ఎత్తయిన గోడలు కట్టేస్తే సరిపోతుందని అప్పట్లో చాలామంది భావన. ఆయన దగ్గర దానికంటే ముందు వేరే ప్రశ్న ఉంది. ఆ నీరు ఎక్కడి నుండి వచ్చింది, దాన్ని ఊరి దాకా రానివ్వడం ఎందుకు?

వాన లెక్కలు, చెరువుల లెక్కలు, నది మట్టాలు అన్నీ తీశారు. మూసీ, దాని ఉపనది ఈసీ ఊరికి కొద్ది మైళ్ళ ఎగువన వేరువేరుగా ఉంటాయి. కలిసిన తరువాత ఎదుర్కోవడం కంటే, కలవక ముందే ఒక్కొక్కదాన్ని ఆపడం సులభం. కనుక మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలన్నారు. వాటితో పాటే ఊరిలో నది ఒడ్డులను ఎత్తు చేయాలనీ, ఒడ్డు వెంట నడకదారులు, తోటలు వేయాలనీ, ఊరి మురుగు నదిలో కలవకుండా భూగర్భ కాలువలు వేయాలనీ 1909 అక్టోబరులో ఇచ్చిన నివేదికలో రాశారు. వరదను ఆపడం, మురుగును వేరు చేయడం, ఒడ్డును ఖాళీగా ఉంచడం ఈ మూడూ ఒకే పనిలో భాగాలని ఆయన గ్రహించారు. ఈ నాటికీ మనం వీటిని మూడు శాఖలు చూసుకునే మూడు వేరువేరు పనులుగా భావిస్తున్నాము.

ఆ ఏడాది చివరలోనే ఆయన మైసూరుకు ప్రధాన ఇంజనీరుగా వెళ్ళిపోయారు. ఆ పని కొనసాగించి నెలబెట్టినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు అలీ నవాజ్ జంగ్ బహదూర్. నిజాంసాగరం కట్టింది కూడా ఆయనే. విశ్వేశ్వరయ్యగారి పేరు పిల్లలకు కూడా తెలుసు, నవాజ్ జంగ్ పేరు పెద్దలకే తెలియదు. తెలంగాణ ఏర్పడిన తరువాత ఆయన జన్మదినమైన జులై 11ను ఇంజనీర్ల దినంగా జరుపుతుండడం వల్ల కొంత నయం. మూసీ మీది జలాశయం 1920లో పూర్తయింది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరున అది ఉస్మాన్‌సాగర్. జనం నోట పక్కనున్న ఊరి పేరున గండిపేట. ఈసీ మీదిది 1927లో పూర్తయింది. నిజాము పెద్దకొడుకు హిమాయత్ అలీఖాన్ పేరున హిమాయత్‌సాగర్. మొదటిదానిలో 3.9 టి.ఎం.సి.లు, రెండవదానిలో దాదాపు 3 టి.ఎం.సి.లు పడతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నా ఈ వ్యాసమంతా ఆ చిక్కు గురించే అనుకున్నా తప్పు లేదు. వరదను పట్టుకోవడానికి కట్టిన చెరువు వరద వచ్చే సమయానికి ఖాళీగా ఉండాలి. తాగునీటికి కట్టిన చెరువు ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఒకే కుండ నిండుగానూ ఉండాలి, వెలితిగానూ ఉండాలి అంటే ఎలా? ఆ రెండు అవసరాల మధ్య తూకం వేస్తూ, వాన రాకను కనిపెడుతూ, గేట్లను నడిపించడమే ఈ జలాశయాల అసలు నిర్వహణ. కట్టడం ఒక్కసారి చేసే పని, ఈ తూకం మాత్రం ప్రతి ఏటా చేయవలసిన పని.

*

ఆ తరువాత నలభై ఏళ్ళు హైదరాబాదుకు నీటి విషయంలో స్వర్ణయుగం అనవచ్చు. గండిపేట చెరువు నిండు మట్టం 1,790 అడుగులు. ఊరు దానికంటే దిగువన ఉంది. కనుక నీరు తనంతట తానే కాలువలో పారి ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి చేరేది. హిమాయత్‌సాగర్ నీరు మీర్ ఆలం వైపుకు వెళ్ళేది. ఎత్తిపోయనక్కరలేదు, బొగ్గు కాల్చనక్కరలేదు. 1901 జనాభా లెక్కల నాటికి ఊరిలో ఉన్నది నాలుగున్నర లక్షలమంది. వారికీ, ఆ తరువాత రెండు తరాలకూ ఆ నీరు సరిపోయింది.

ఈ సుఖంలో పడి మనం ఒక హెచ్చరికను గమనించలేదు. కొత్త చెరువులు రాగానే 1930లో హుస్సేన్‌సాగరం నీరు తాగడం మానేశారు. తాగనప్పుడు దాన్ని శుభ్రంగా ఉంచవలసిన గరజు ఎవరికీ లేకపోయింది. పరిశ్రమల వ్యర్థాలు, కాలనీల మురుగు అన్నీ అందులోకి దారి చూసుకున్నాయి. మూడున్నర శతాబ్దాలకు పైగా నిలిచిన చెరువు, తాగడం మానేసిన అర్ధశతాబ్దంలోనే కంపు కొట్టే స్థితికి వచ్చింది. ఆ తరువాత దాన్ని బాగు చేయడానికి ఎన్ని పథకాలు వచ్చాయో మనమందరం చూస్తూనే ఉన్నాము. దాహం తీర్చే చెరువుకు కోటిమంది కాపలా ఉంటారు. అందం కోసం మిగిలిన చెరువుకు ఎవరూ ఉండరు. గండిపేట గురించి మాట్లాడేటప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది.

ఊరు పెరిగింది. నీటి కోసం చెయ్యి చాచడం మొదలయింది. 1965లో మంజీర మొదటి దశ, 1981లో రెండవ దశ వచ్చాయి. సింగూరు జలాశయం నుండి మూడు, నాలుగు దశలు 1990ల తొలినాళ్ళలో పూర్తయ్యాయి. సింగూరుకు దిగువన ఘనపురం ఆనకట్ట కింద మెదకు రైతులు, నిజాంసాగరం కింద నిజామాబాదు రైతులు ఉన్నారు. హైదరాబాదు కుళాయి తిప్పినప్పుడల్లా వారి పొలాలలో ఎంతో కొంత తగ్గుతూ వచ్చింది. అది చాలక కృష్ణ. నాగార్జునసాగరం వెనుక నీటిని అక్కంపల్లి దగ్గర నుండి తెచ్చే పథకం మూడు దశలుగా 2004, 2008, 2015 సంవత్సరాలలో అందింది. ఒక్కొక్క దశ రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు. ఆ గొట్టాలు ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోయిన నల్లగొండ పల్లెల నేల మీదుగానే వచ్చాయి. అదీ చాలక గోదావరి. ఎల్లంపల్లి నుండి దాదాపు 186 కిలోమీటర్ల దూరం, రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు.

మట్టాలను ఒకసారి పోల్చి చూడండి. నాగార్జునసాగరం పూర్తి మట్టం 590 అడుగులు. హైదరాబాదు దానికి వెయ్యి అడుగులకు పైన ఉంది. అంటే మనం తాగే ప్రతి బిందెడు కృష్ణ నీటినీ వెయ్యి అడుగుల పైకి మోసుకొస్తున్నాము. మోస్తున్నది కరెంటు. ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు. వాతావరణం మారడం వల్ల ముంచుకొచ్చే నీటి కరవును ఎదుర్కోవడానికి, వాతావరణాన్ని మార్చే పొగనే ఇంకొంచెం వదులుతున్నాము. ఇందులోని వెటకారం నాకు నవ్వు తెప్పించదు.

*

మరి పై నుండి తనంతట తానే దిగివచ్చే గండిపేట నీరు ఏమయింది?

పరీవాహక ప్రాంతం మారిపోయింది. బోర్లు పడ్డాయి. వాగులకు అడ్డుకట్టలు పడ్డాయి. పొలాలు ఫాం హౌసులయ్యాయి, ఫాం హౌసుల చుట్టూ గోడలు లేచాయి, చెరువులోకి నీరు తెచ్చే వాగులు కొన్నిచోట్ల రోడ్ల కింద మాయమయ్యాయి. వాన పూర్తిగా మానేసిందని కాదు, పడిన వాన చెరువుదాకా చేరడం తగ్గింది.

దీన్ని ముందుగానే పసిగట్టి ప్రభుత్వం 1994లో ఒక ఉత్తరువూ, దానికి మెరుగులు దిద్ది 1996 మార్చి 8న జి.ఓ. 111 అనే ఉత్తరువూ ఇచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు వంటివి రాకూడదు. నేలలో తొంభై శాతం వ్యవసాయానికీ, పచ్చదనానికీ ఉంచాలి. మన దేశంలో ఒక నగరపు తాగునీటి కోసం ఇంత విస్తీర్ణాన్ని కాపాడాలనుకున్న ఉత్తరువులు అరుదు.

దానికి పరీక్ష కూడా వెంటనే ఎదురయింది. ఆ పరిధిలో ఒక నూనె ఉత్పత్తుల పరిశ్రమ పెట్టడానికి ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఎం.వి. నాయుడు కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1999 జనవరిలో ఒకటి, 2000 డిసెంబరులో ఒకటి తీర్పులు వచ్చాయి. హాని జరుగుతుందని ఖాయంగా తేలేవరకూ ఆగనక్కరలేదు, హాని జరగదని నిరూపించవలసిన బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదే అన్నది ఆ తీర్పుల సారాంశం. ప్రభుత్వమిచ్చిన మినహాయింపును కోర్టు కొట్టివేసింది. దేశం నలుమూలలా పర్యావరణ వ్యాజ్యాలలో ఇప్పటికీ ఉదహరించే తీర్పు మన గండిపేట చెరువు పేరున ఉందంటే గర్వించవలసిన విషయమే.

నేనూ గర్వించాను. మా మామను కలిసే వరకు.

మొయినాబాదు మండలంలో మా మామకు అయిదెకరాలు ఉంది. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు నేను ఎంతో ఉత్సాహంగా ఈ తీర్పు గొప్పదనం చెప్పుకొచ్చాను. ఆయన అంతా విని, నిమ్మళంగా అన్నాడు.

"మంచిదే అల్లుడా. మీరు నల్లా తిప్పితె నీళ్ళొస్తయి. ఆ నీళ్ళు రావాల్నంటె నా భూమి అట్లనే ఉండాలె. పక్క మండలంల ఎకరం కోట్లు పలుకుతున్నది, నాది పలుకుతలేదు. పెద్దపెద్దోళ్ళు ఫాం హౌసులు కట్టుకుంటె ఎవడు అడుగుతలేడు. నా కొడుక్కు రెండు రూములు ఏసుకుంటనంటె వస్తరు. నీళ్ళు మీకు, కట్టుబాటు మాకు. ఇదెక్కడి న్యాయం?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత చాలా రోజులు వెతుక్కున్నాను. ఆయన అడిగినది అత్యాశతో అడిగినది కాదు, లెక్క ప్రకారం అడిగినది. ఒక నగరం తన నీటి రక్షణ ఖర్చునంతా ఎగువ పల్లెల మీద వేసి, తాను మాత్రం ఒక్క పైసా ఇవ్వలేదు. ఆ ఉత్తరువులోని అసలు లోపం ఇదే. లోపాన్ని దిద్దడానికి బదులు ఉత్తరువునే తీసివేయాలన్న మాట బలపడింది.

2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 వచ్చింది. నీటి నాణ్యతను కాపాడాలన్న షరతుతో 111లోని ఆంక్షలను తొలగిస్తున్నామన్నారు. 2023 మేలో 111ను పూర్తిగా రద్దు చేస్తామని నాటి మంత్రివర్గం ప్రకటించింది. అప్పుడు చెప్పిన ప్రధాన కారణం ఒక్కటే. నగరానికి కృష్ణ, గోదావరి వచ్చాయి, ఇక ఈ రెండు చెరువుల నీటితో అవసరం లేదు.

ఈ వాదనలో బలం లేదని అనలేను. 2015-16లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, సింగూరు, మంజీర నాలుగూ ఎండిపోయాయి. ఆ ఏడాది నగరం బ్రతికింది కృష్ణ నీటి మీద, అప్పుడే వచ్చిన గోదావరి నీటి మీద. అవి లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవడమే కష్టం. అంకెలలో చూస్తే మొత్తం సరఫరాలో ఈ రెండు చెరువుల వాటా పదోవంతు కూడా లేదు.

కానీ ఆ వాదన చెరువు చరిత్రలో సగమే చదివింది. దాహం సంగతి చూసింది, వరద సంగతి మరిచింది.

*

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు పడింది. ఈ రెండవ అంకె ఎక్కడో విన్నట్టు ఉంది కదూ? 1908లో శంషాబాదులో పడినది కూడా దాదాపు ఇంతే. ఆ 2020 వానలలో పాతబస్తీకి ఎగువనున్న పల్లె చెరువు తెగింది. గుర్రం చెరువుకు గండి పడింది. కాలనీలకు కాలనీలు మునిగాయి. 221 చెరువుల కథలోనివే రెండు పుటలు అవి.

అయితే ఒక తేడా గమనించాలి. 1908లో పెద్దవాన ఊరికి ఎగువన, నైరుతి వైపున కురిసింది. 2020లో అత్యధిక వర్షం తూర్పున, ఊరికి దిగువ వైపున పడింది. అదే వాన శంషాబాదు, చేవెళ్ళల మీద పడి ఉంటే? దానికి జవాబుగా విశ్వేశ్వరయ్యగారు వదిలివెళ్ళినవే ఆ రెండు చెరువులు. వాటి చుట్టూ నేల ఇంకా పొలాలుగా ఉంటే వానలో కొంత ఇంకుతుంది, మిగిలినది నిదానంగా వస్తుంది. సిమెంటుగా మారితే పడినదంతా గంటలలో చెరువులోకి దూకుతుంది. అప్పుడు గేట్లు ఎత్తడం తప్ప వేరే దారి ఉండదు.

2025 సెప్టెంబరు చివరలో, సరిగ్గా 1908 వరద వచ్చిన రోజులలోనే, ఎగువన కురిసిన వానలకు రెండు జలాశయాల గేట్లూ ఎత్తవలసి వచ్చింది. మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషనులోకి నీరు చొచ్చుకొచ్చింది. 4,25,000 క్యూసెక్కులతో పోలిస్తే అది ఎంతో చిన్న ప్రవాహం. అయినా బస్ స్టేషను మునిగింది. నది తగ్గిందని మనం నది ఒళ్ళో కూర్చున్నందువల్ల. 1908 నాటివారు చేసినదీ ఇదే, నూట పదిహేడేళ్ళ తరువాత మనం చేస్తున్నదీ ఇదే. వారికి తెలియక చేశారు, మనకు ఆ సాకు లేదు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదని భౌతికశాస్త్రం చెబుతుంది. మోసినది ఎప్పుడో ఒకప్పుడు దింపక తప్పదు. మధ్య భారతదేశంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుండి 2015 లోపు మూడు రెట్లయ్యాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే రానున్న కాలంలో మనకు ఎదురయ్యేది కరవో వరదో ఒకటి కాదు. రెండూ. 2015-16 వంటి ఏళ్ళూ వస్తాయి, 2020 వంటివీ వస్తాయి. నిండుగానూ, వెలితిగానూ ఉండగల కుండ అవసరం మునుపటికంటే పెరుగుతుంది గానీ తగ్గదు. నూరేళ్ళ క్రితం చిక్కు అనుకున్న ఆ రెండు ముఖాల చెరువే మనకిప్పుడు పెద్ద ఆస్తి.

చమత్కారమేమిటంటే, 2025 సెప్టెంబరులోనే గోదావరి రెండు, మూడు దశలకు శంకుస్థాపన జరిగింది. మల్లన్నసాగర్ నుండి నీరు తెచ్చి, అందులో కొంత ఈ రెండు చెరువులలో నింపి, మూసీలోకి వదలాలన్నది అందులో ఒక భాగం. కొండ మీది చెరువుకు కింది నది నుండి నీళ్ళు మోసి పోయడమన్న మాట! మోయడం తప్పని ఏళ్ళలో మోద్దాము. కాని పై నుండి ఉచితంగా వచ్చే వాగులను పూడ్చుకుని, కింది నుండి కొనుక్కున్న నీటితో వాటిని నింపడం ఏ లెక్కలో సరిపోతుందో నాకు తెలియడం లేదు.

*

మరి మా మామకు ఏమి చెప్పాలి?

న్యూయార్కు నగరానికి కూడా ఇటువంటి సమస్యే వచ్చింది. ఆ నగరపు నీరు దూరానున్న క్యాట్స్‌కిల్ కొండల నుండి వస్తుంది. అక్కడ ఊళ్ళు, పాడి రైతులు ఉన్నారు. వారి మీద ఆంక్షలు పెడితే వారూ మా మామలాగే తిరగబడ్డారు. చివరకు 1997లో ఒక ఒప్పందం కుదిరింది. నగరం ఎగువవారికి డబ్బు ఇస్తుంది. మురుగు శుద్ధికీ, పశువుల పాకలు వాగులకు దూరంగా కట్టుకోవడానికీ, భూమిని ఇష్టపడి అమ్మేవారి దగ్గర కొనడానికీ. వందల కోట్ల డాలర్ల శుద్ధి కర్మాగారం కట్టడం కంటే ఇదే చౌక అని నగరం లెక్క వేసుకుంది. ఆంక్ష ఒకరిదీ ఫలం ఇంకొకరిదీ కాకుండా, రెండింటినీ పంచుకున్నారు.

మనమూ అలా చేయవచ్చు. ఎల్లంపల్లి నుండి ఎత్తిపోయడానికయ్యే కరెంటు ఖర్చులో ఒక చిన్న భాగాన్ని ఏటా ఆ 84 గ్రామాలకు నీటి కాపలా జీతంగా ఇవ్వవచ్చు. వాగు పూడ్చకుండా, నేలను నేలగా ఉంచిన రైతుకు ఎకరానికి ఇంత అని. కట్టుబాటు ఫాం హౌసుకూ పూరింటికీ ఒకే విధంగా వర్తించాలి. ఇది దానం కాదు, చేస్తున్న పనికి కూలి. ఈ మాట మామతో అంటే ఆయన కాసేపు ఆలోచించి, "ఇస్తరంటవా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నలో ఆయన అనుభవమంతా ఉంది. నేను మళ్ళీ జవాబు చెప్పలేకపోయాను.

అఫ్జల్‌గంజ్ చింతచెట్టు దగ్గరకు మీలో హైదరాబాదులో ఉన్నవారు ఎప్పుడైనా వెళ్ళండి. ఆసుపత్రికి వచ్చినవారి బంధువులు దాని నీడలో కూర్చుని టిఫిను కారియర్లు విప్పుకుంటూ ఉంటారు. చెట్టు ఎవరినీ ఏమీ అడగదు. నూట యాభైమందిని మోసిన కొమ్మలు అవి. ఇంకొకసారి మోయవలసిన అవసరం దానికి రాకూడదనే ఇద్దరు ఇంజనీర్లు రెండు చెరువులు కట్టివెళ్ళారు. ఆ చెరువులతో అవసరం తీరిపోయిందని తీర్మానించే ముందు, తీర్మానించేవారు ఒక్కసారి ఆ చెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తే బాగుండును.